లాభం, రెండు, మూడు

బయట నల్లా దగ్గర ఒక బిందె ఎవరి తలకో తగిలింది. దుర్గయ్య తలెత్తలేదు. నిండు బిందె చప్పుడు వేరు. ఇది ఖాళీ బిందె. ఖాళీ బిందె దెబ్బకు నెత్తురు వస్తుంది గాని మనిషి పోడు. అతను సోల్డరింగ్ కడ్డీ కొసను తడిగుడ్డకు తుడిచి, నాలుగో అంకెకు ఆరో తీగ అతికించాడు. పొగ ముక్కులోకి పోయింది. బయట తిట్లు తెలుగులో మొదలై, మరాఠీలో పెరిగి, హిందీలో తెగిపోయాయి. నీళ్ళు ఏడున్నరకు ఆగిపోతాయి. ఆ తర్వాత కొట్టుకోవడానికి కారణం ఉండదు.

బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగా కూలీల గదులున్న మూడంతస్తుల చాల్ అది. తెలుగు పల్లెల నుంచి కూలికి వచ్చి దాన్ని కట్టిన కామాటీల్లో దుర్గయ్య తాత ఒకడని అంటారు గాని అందుకు కాగితం లేదు. చెక్కమెట్ల కింద మూలగా మిగిలిన జాగాలో దుర్గయ్య బల్ల. అక్కడ నిటారుగా కూర్చోవడం కుదరదు. ఇరవై రెండేళ్ళు మెడ ఒక పక్కకు వంచి కూర్చున్నందుకు, బయటికి వచ్చాక కూడా ఆ మెడ నేరుగా నిలవదు. దారిలో ఎదురైనవాళ్ళకు ఏదో చెవి ఒగ్గి వింటున్నవాడిలా కనిపిస్తాడు. నలభై ఆరేళ్ళ మనిషి. సన్నటి చేతులు, వాటి నిండా సీసం చుక్కలు పడి కాలిన తెల్ల మచ్చలు. కళ్ళజోడు కాడ విరిగితే రాగితీగ చుట్టి పెట్టుకున్నాడు. మొదట రేడియోలు, తర్వాత టేప్ రికార్డర్లు, ఈ మధ్య టీవీలు బాగుచేస్తున్నాడు. పేరు పెట్టి ఎవరూ వెతకరు. మెట్ల కింద మనిషి ఎక్కడ అంటే చాలు, దొరుకుతాడు.

ఇప్పుడు చేస్తున్నది మాత్రం రిపేరు కాదు. మొదటి గీత నుంచి అతని సొంత పని. రాగిరేకు అతికించిన పలక మీద కరెంటుకు దారులు గీయడానికి, ఎదురు చాల్‌లో ఉండే అమ్మాయి దగ్గర గోళ్ళరంగు సీసా అడిగి తెచ్చుకున్నాడు. రంగు పూసిన చోట రాగి మిగులుతుంది. పూయని చోటును తొట్టిలోని మందు తినేస్తుంది. పలక మీద నాలుగు లెక్కపెట్టే చిప్‌లు, వాటి మాటను అంకెగా మార్చే ఇంకో నాలుగు చిప్‌లు, పైన ఏడేసి ఎర్రగీతలతో వెలిగే నాలుగు అంకెలు. ఒక్కో చిప్ తొమ్మిది దెబ్బల దాకా ఓర్చుకుంటుంది. పదో దెబ్బకు తాను సున్నా అయిపోయి పక్కదాన్ని ఒక్క తోపు తోస్తుంది. అది నిండితే ఆ పక్కదాన్ని. ఎవరో పారేసిన పాత పత్రికలో బొమ్మ చూసి, ఆరు వారాలు దాని వెనకపడి నేర్చుకున్నాడు. మొదటిసారి నాలుగు సున్నాలు ఎర్రగా వెలిగిన రోజు చాల్ సగం కిందికి దిగివచ్చి చూసింది. దుర్గయ్య చేసినదాన్ని జనం చూడటానికి రావడం అదే మొదలు.

దెబ్బలు లెక్కపెట్టే ఈ డబ్బా కావాలని అడిగింది పెద్దయ్య సేటు. ఫాక్‌లాండ్ రోడ్డు వెనక సందులో అతనికి పవర్‌ప్రెస్సుల షెడ్డు ఉంది. నాలుగు ప్రెస్సులు ఇత్తడి పట్టీని కొరికి, స్టవ్వులకు వేసే వాషర్లు రాలుస్తాయి. పెద్దయ్యది కూడా కామాటీ ఇల్లే. తట్ట మోసిన తల్లి కొడుకే. ఇప్పుడు తెల్లబట్టలు, మెత్తటి మాట. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. అందరినీ బిడ్డా అంటాడు. కొట్టే పని తాను చేయడు. దానికి పెంటయ్య ఉన్నాడు. పెంటయ్య ఒకప్పుడు క్వారీలో రాయి కొట్టేవాడు. సుత్తి ఎక్కడ పడితే రాయి ఎక్కడ పగులుతుందో తెలిసిన చెయ్యి. మనుషుల మీద కూడా అదే పనితనం వాడతాడు.

ఇత్తడి ముక్కను ఏ సందులోనైనా కొనేవాడు ఉంటాడు. తన షెడ్డులోంచి వాషర్లు బయటికి పోతున్నాయని పెద్దయ్యకు ఏళ్ళుగా అనుమానం. నాలుగు ప్రెస్సుల తుక్కూ ఒకే గోనెలో పడుతుంది కాబట్టి తూకంలో తేలదు. ప్రెస్సు ఎన్ని దెబ్బలు వేసిందో ముందు తెలియాలి, పెట్టెలో ఎన్ని వాషర్లు ఉన్నాయో తర్వాత చూడాలి. రెంటికీ తేడా దొంగతనం. ఎనిమిది రోజుల కింద దుర్గయ్య మొదటి డబ్బాను ఒకటో నంబరు ప్రెస్సుకు తగిలించాడు. ప్రెస్సు తల కిందికి దిగినప్పుడల్లా ఒక చిన్న స్విచ్చును కొడుతుంది. డబ్బాలో అంకె ఒకటి పెరుగుతుంది. వారం తిరగకుండానే దొంగ దొరికాడు. పెద్దయ్య సంతోషించి ఇంకో మూడు డబ్బాలు చేయమన్నాడు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది ఆ మూడింట్లో మొదటిది.

దొరికిన దొంగ పేరు మల్లయ్య. అతను అప్పుడే మెట్లు దిగి వచ్చాడు.

అన్నిటికన్నా అడుగున ఉన్న మెట్టు పలక వదులు. దాని మీద ఎవరు కాలు పెట్టినా ఠప్పున కింది కొయ్యకు కొట్టుకుంటుంది, దుర్గయ్య తల మీద దుమ్ము రాలుతుంది. మల్లయ్య మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి పదకొండేళ్ళు. పై గదిలో తొమ్మిది మందితో వంతులవారీగా పడుకుంటాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మొదటి ఏడాది ఒకటి, నాలుగో ఏడాది ఒకటి ప్రెస్సు కింద పోయాయి. ఆ తర్వాత ఏడేళ్ళలో ఒక్క దెబ్బ ఖాళీగా పోనివ్వలేదు, ఒక్క వేలూ పోగొట్టుకోలేదు. ఇవాళ అతని కుడిచెయ్యి చీరముక్కతో మెడకు కట్టి ఉంది. కింది పెదవి రెండుగా చీలింది. కంటి చుట్టూ వాపు నల్లబడి, కన్ను ఒక గీతలా మిగిలింది.

రోజూ తేడా వస్తూనే ఉంది. నిన్న సాయంత్రం డబ్బా నాలుగు వేల రెండు వందల పన్నెండు చూపించింది. పెట్టెలో వాషర్లు మూడు వేల తొమ్మిది వందల యాభై ఒకటి. పెంటయ్య అతన్ని తుక్కు గోనె మీద బోర్లా తోసి, వీపు మీద మోకాలు పెట్టి, మోటారుకు వేసే పాత పట్టాతో కొట్టాడు. గోనెలోంచి ఇత్తడి అంచులు పొడుచుకొచ్చి అతని ఛాతీ గీరుకుపోయింది. భుజం పక్క ఎముక విరిగిన చప్పుడు, ప్రెస్సులు నడుస్తున్నా, రెండో ప్రెస్సు మీద పనిచేసే అతని తమ్ముడికి వినబడింది. తమ్ముడు పని ఆపలేదు. మిల్లుల సమ్మె విరిగి మూడేళ్ళయినా షెడ్డు బయట పని కోసం నిలబడే మనుషులు తగ్గలేదు.

ఇవాళ సాయంత్రం మళ్ళీ లెక్క. ఇవాళ కూడా తక్కువ వస్తే మల్లయ్య కుడిచెయ్యి ప్రెస్సు కింద పెట్టిస్తానని పెద్దయ్య చెప్పాడు. మెత్తగానే చెప్పాడు. పారిపోవడానికి లేదు. చెయ్యి అన్నదైనా తమ్ముడిదైనా పెద్దయ్యకు ఒకటే.

"మామా, నీ డబ్బ ఏమన్న తప్పు సూపెడ్తదా?" మల్లయ్య పెదవి కదలకుండా అడిగాడు.

దుర్గయ్య కడ్డీ కింద పెట్టలేదు. "అంకెకు ఆకలి లేదురా. అదెందుకు అబద్ధమాడ్తది? ఎన్ని అమ్ముకున్నవో చెప్పు. నేను పోయి సేటు కాళ్ళు పట్టుకుంట."

మల్లయ్య తెరుచుకున్న కన్నుతో అతన్ని కాసేపు చూశాడు. "నువ్వు గూడ గట్లనే అంటున్నవా" అని, కట్టు సర్దుకుని గల్లీలోకి పోయాడు. తొమ్మిదింటికి అతని ప్రెస్సు మొదలవుతుంది. ఎడమచేతి మూడు వేళ్ళతో పట్టీ తోస్తాడు, కాలితో తొక్కుతాడు. ఎముక విరిగినవాడికి షెడ్డులో సెలవు లేదు.

దుర్గయ్య అట్లా అనడానికి ఒక పాత కారణం ఉంది. తల్లి పోచమ్మ మేడలు కట్టే చోట సున్నం తట్టలు మోసింది. తట్ట దించినప్పుడల్లా, కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం ఒక రేకు బిళ్ళ చేతిలో వేసేవాడు. ఒకరోజు ఆమె మోసిన లెక్క అరవై తట్టలు, చేతికి వచ్చినవి యాభై ఏడు బిళ్ళలు. ఆమె గట్టిగా అడిగింది. ముకద్దం చెంప మీద కొట్టిన దెబ్బకు కమ్మ చెవి తమ్మెను చీల్చుకుని సున్నంలో పడింది. ఐదేళ్ళ దుర్గయ్య ఆ కమ్మను వెతికి తీసి, లంగోటీకి తుడిచి తల్లికి ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె బతికినంత కాలం, ముకద్దం చెప్పిందే ఖరారు బిడ్డా, మన లెక్క మన దగ్గర్నే ఉంచుకోవాలె అనేది. చీలిన తమ్మె ఎప్పుడూ కళ్ళ ముందు వేలాడుతుండేది కాబట్టి ఆ మాట కొడుక్కి బాగా ఎక్కింది.

భార్య శాంతాబాయి చాయ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెళ్ళయి పాతికేళ్ళు. ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరూ దక్కలేదు. ఆమె గది గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతుంది. కట్ట కట్టాక మళ్ళీ లెక్కపెట్టి చూసే అలవాటు లేదు, తప్పు పోదు. మెట్ల మీద నుంచి మల్లయ్య మాట విన్నది.

"మల్లిగాడు తియ్యలే" అంది.

"మరి ఎవలు తీసిండ్రు?"

"ఎవలూ తియ్యలేదేమో. మొదటి డబ్బ అయిన్నాడు, నూరుసార్లు వత్తితే నూటొకటి వచ్చిందన్నవు గదా."

"అది లాభం" అన్నాడు దుర్గయ్య విసుగ్గా.

గింజలు కొలిచినా తట్టలు లెక్కపెట్టినా వాళ్ళ పెద్దవాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు అందులో తికమక లేదు. బొంబాయిలో పుట్టినవాళ్ళు ఆ అలవాటును సగమే పట్టుకున్నారు. లాభం అంటారు, దాని తర్వాత ఒకటి, రెండు అని మొదలుపెడతారు. అట్లా నోటితో నూరు అనేసరికి చేతిలో నూటొకటి ఉంటాయి. ఆ రోజు డబ్బా నూటొకటి చూపించగానే దుర్గయ్య తన నోటినే అనుమానించాడు. బొంబాయి నోరు కదా, లాభం తర్వాత ఒకటి అని ఉంటుంది అనుకున్నాడు. నవ్వుకుని, డబ్బాను సంచిలో పెట్టుకుపోయి షెడ్డులో తగిలించాడు.

శాంతాబాయి కొంగులోంచి గుప్పెడు బీడీలు బల్ల మీద పోసింది. "లెక్కవెట్టు."

"పనుంది."

"నీకు దండం పెడ్త. లెక్కవెట్టు."

దుర్గయ్య వేలితో ఒక్కొక్కటే పక్కకు జరిపాడు. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. అక్కడ వేలు ఆగిపోయింది.

పుట్టింది బొంబాయిలోనే అయినా నోరు పోచమ్మది. నలభై ఏళ్ళుగా లాభం తర్వాత రెండే అంటున్నాడు, ఎప్పుడూ గమనించుకోలేదు. ఆ రోజు కూడా రెండే అని ఉంటాడు. తను నొక్కింది సరిగ్గా నూరు. నూటొకటోది డబ్బా సొంతంగా వేసుకుంది.

చాయ్ చల్లారింది. అతను బల్ల మీది డబ్బాకు కరెంటు పెట్టి, స్విచ్చును వేలితో నొక్కాడు. ఒకటి పెరిగింది. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. కాని వేలు మెత్తన. ప్రెస్సు తల మెత్తన కాదు. అతను లేచి, స్విచ్చును తీసుకుపోయి అడుగుమెట్టు వదులు పలక కింద మేకులతో బిగించాడు. తీగను బల్ల దాకా లాగాడు. అంకెలను సున్నా చేసి, శాంతాబాయిని మెట్టు ఎక్కమన్నాడు. ఆమె పాదం పడింది. పలక ఠప్పున కొట్టుకుంది. అంకె మూడు.

దిగమన్నాడు. ఐదు.

స్విచ్చు లోపల ఒక పలచని రేకు ఉంటుంది. గట్టిగా కొడితే అది ఒకసారి తగిలి ఊరుకోదు. బండ మీద పడ్డ గోళీలా రెండు మూడుసార్లు ఎగిరి తగులుతుంది. కంటికి అది ఒక దెబ్బే. చిప్ కన్ను వేరు. అది ప్రతి ఎగురుడునూ ఒక దెబ్బ అంటుంది. పత్రికలో బొమ్మ గీసినవాడికి ఈ సంగతి తెలుసు. అందుకే రెండు కాళ్ళ స్విచ్చు వద్దని, మూడు కాళ్ళది పెట్టి, దాని వెనక గడియలాంటి ఇంకో చిప్ వేయమన్నాడు. రేకు ఒక పక్క వదిలి రెండో పక్కను తాకితే గడియ పడుతుంది. మళ్ళీ మొదటి పక్కను తాకేదాకా ఎంత వణికినా లేవదు. లామింగ్టన్ రోడ్డులో పాత సామాను కుప్పలో రెండు కాళ్ళవి ఎక్కువ కనిపించాయి. నొక్కితే కలవాలి, వదిలితే విడిపోవాలి, అంతే కదా అనుకుని దుర్గయ్య అవే ఏరుకున్నాడు. గడియ చిప్ అనవసరం అనుకున్నాడు. ఆ బొమ్మలో అతను తీసేసింది అదొక్కటే.

నిన్నటి రెండు వందల అరవై ఒక్క వాషర్లను ఎవరూ ఎత్తుకుపోలేదు. అవి అసలు పుట్టనేలేదు. వాటికోసం ఒక ఎముక విరిగింది.

పాత టీవీ ఒకదాన్ని విప్పి గడియకు పనికొచ్చే చిప్‌లు రెండు పీకాడు. పెట్టె అడుగున మూడు కాళ్ళ స్విచ్చులు రెండు దొరికాయి. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి మెట్టు కింద కొత్త స్విచ్చు, పలక మీద గడియ కూర్చున్నాయి. శాంతాబాయి నిండు బకెట్‌తో ఎక్కింది. ఒకటి. దిగింది. రెండు. పదిసార్లు ఎక్కించి, పదిసార్లు దించాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నప్పుడు డబ్బా మీద ఇరవై రెండు ఉంది.

ఆమె గట్టి మనిషి. తప్పని చెప్పొద్దు, దుమ్ము దులిపి వస్తానని చెప్పి చప్పుడు కాకుండా మార్చేసి రమ్మంది. దుర్గయ్య కూడా ముందు అదే అనుకున్నాడు. కాని పొద్దున తొమ్మిది నుంచి ఆ డబ్బా నడుస్తూనే ఉంది. ఇవాళ్టి లెక్కలో ఇప్పటికే నూరుకు పైగా పుట్టని వాషర్లు చేరి ఉంటాయి. సాయంత్రం అవి మల్లయ్య చేతి మీద పడతాయి. అంకెలు సున్నా చేస్తే పెంటయ్య ఎందుకని అడుగుతాడు. చెప్పకుండా బయటపడే దారి లేదు. అతను రెండో స్విచ్చు, రెండో గడియ కట్టిన చిన్న పలక, కడ్డీ సంచిలో వేసుకున్నాడు. మెట్ల కింద బల్ల మీది డబ్బాను ఆర్పలేదు, తొందరలో మరిచిపోయాడు.

పదో గల్లీ మూల మీద చాయ్ దుకాణం ముందు ఇద్దరు కలిసి ఒకణ్ణి జుట్టు పట్టి లాగుతున్నారు. మూడోవాడు బ్లేడుతో వాడి చెంప మీద, కొబ్బరికాయ మీద గంటు పెట్టినంత తీరిగ్గా, నిలువుగా ఒక గీత గీశాడు. కిందపడ్డవాడి కేక కన్నా, గ్లాసులు కడిగే చప్పుడే ఎక్కువ వినిపించింది. దుర్గయ్య నెత్తురు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు. ఆ గల్లీలో అడ్డంపడినవాడికి ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. నలభై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా దేనికీ అడ్డంపడలేదు. ఈ వయసు దాకా రావడానికి అదే కారణమని అతనికి తెలుసు.

షెడ్డులో నాలుగు ప్రెస్సులు నేలను గుద్దుతున్నాయి. గోడ మీది కాలెండరు ప్రతి గుద్దుకూ ఎగురుతోంది. మల్లయ్య ఎడమచేత్తో పట్టీ తోస్తున్నాడు. విరిగిన వైపు చొక్కా చెమటకు అంటుకుపోయింది. అతని తల పైన డబ్బా ఎర్రగా వెలుగుతోంది. పెంటయ్య స్టూలు మీద కూర్చుని, అచ్చులు బిగించే మూరెడు పానాకు నూనె రాస్తున్నాడు. పెద్దయ్య కాటా పక్కన కుర్చీలో ఉన్నాడు.

దుర్గయ్య వంగిన మెడతో ఎదురుగా నిలబడ్డాడు. "సేట్, తప్పు నాది. వాడిది గాదు."

పెద్దయ్య విన్నాడు. రేకు ఎగరడం, గోళీ, గడియ అన్నీ విన్నాడు. మీ ఇద్దరిదీ ఒకటే చాల్ గదా బిడ్డా అని మాత్రం అన్నాడు. దుర్గయ్య మాటతో పని కాదని చూసి, పెట్టె ఖాళీ చేసి నూరు దెబ్బలు వేయించి చూడమన్నాడు. పెద్దయ్య ఒప్పుకున్నాడు. సరుకు విషయంలో అతను ఎవరి మాటా నమ్మడు, తన చేతిని నమ్ముతాడు. అంకెలు సున్నా చేశారు. మల్లయ్య తొక్కడం మొదలుపెట్టాడు. పెంటయ్య ఒక్కో దెబ్బకు సుద్దతో గోడ మీద ఒక గీత గీశాడు. నూరు గీతలయ్యాక ప్రెస్సు ఆపించారు. పెద్దయ్య తెల్లబట్టలతోనే నేల మీద గొంతుకూర్చుని, వాషర్లు వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. అతని పెదవులు కూడా లాభం, రెండు, మూడు అనే కదిలాయి. నూరు వచ్చాయి. తలెత్తి డబ్బాను చూశాడు. నూట ఏడు.

మిగతా మూడు ప్రెస్సులు గుద్దుతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో అవతలివాళ్ళకు ఏమీ వినబడదు. పెద్దయ్య లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. డబ్బా తప్పని తేలితే మల్లయ్యను కొట్టడం తప్పని తేలుతుంది. అది నలుగురికి తెలిస్తే రేపు షెడ్డులో తన మాటకు బరువు ఉండదు. అది అతను అక్కడికక్కడే తూచుకున్నాడు.

"ఈ ముచ్చట ఇంక ఎవలకన్న చెప్పినవా బిడ్డా?"

"లేదు సేట్. సీదా నీ దగ్గరికే వచ్చిన."

నలుగురికి చెప్పి వచ్చి ఉంటే బతికేవాడేమో. శాంతాబాయిని లెక్కలోకి తీసుకోకుండా, మర్యాద అనుకుని ఆ మాట చెప్పాడు.

పెద్దయ్య మల్లయ్య వైపు తిరిగాడు. "నువ్వేమన్న విన్నవా?"

మల్లయ్య నేల చూశాడు. "ఏం వినలే సేట్."

"వారం దినాలు నాతోని తప్పు చేపిచ్చినవు దుర్గయ్యా" అన్నాడు పెద్దయ్య. గొంతు బాగా తగ్గిపోయింది; నిజంగా బాధపడుతున్నవాడిలా ఉంది. తర్వాత పెంటయ్యతో, "ఒక్కటే" అన్నాడు.

పెంటయ్య లేచి, పానాను రెండు చేతులతో పట్టుకుని, దుర్గయ్య ఎడమ చెవి పైన కొట్టాడు. ఒక్కటే. వంగిన మెడ ఆ దెబ్బకు రెండో వైపుకు తిరిగింది. కళ్ళజోడు ఎగిరి వాషర్లలో పడింది. దుర్గయ్య మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి, నుదురు ఇత్తడి తుక్కుకు ఆనించి కొంతసేపు కదలకుండా ఉన్నాడు. మల్లయ్య మెడకు కట్టిన చీరముక్క విప్పి అతని చెవి మీద అదిమాడు. తన చెయ్యి వేలాడింది. నొప్పికి పళ్ళు కొరికాడు గాని చీరముక్క తీయలేదు.

నీళ్ళు చల్లితే దుర్గయ్య లేచాడు. పెద్దయ్య ఇంక బాగుచేయమన్నాడు. దుర్గయ్య స్టూలు ఎక్కి, చెవిలోంచి మెడ మీదుగా కారుతున్న నెత్తురుతోనే పాత స్విచ్చు విప్పి, మూడు కాళ్ళది బిగించాడు. చేతులు వణకలేదు, ఆ పనిలో అవి వణకడం నేర్చుకోలేదు. గడియ పలకను డబ్బాలో అతికించాడు. నూరు దెబ్బలు వేయించారు. నూరు. మళ్ళీ నూరు. రెండు వందలు. పెద్దయ్య తల ఊపాడు.

"మల్లయ్యది?" అడిగాడు దుర్గయ్య.

"వానిది సరిపోయింది. పో బిడ్డా, ఇంటికి పోయి పండుకో."

చాల్ చేరేసరికి ఎండ మేడల మీదికి ఎక్కింది. బల్ల దగ్గర వంగి చూశాడు. డబ్బా వెలుగుతూనే ఉంది. మధ్యాహ్నం నుంచి ఎక్కి దిగినవాళ్ళను వేసుకుంటూ ఎనభై ఆరు దగ్గర ఉంది. అతను అడుగుమెట్టు మీద కాలు పెట్టి, గోడ పట్టుకుని వెనక్కి వంగి చూశాడు. ఎనభై ఏడు. ఒకటే పెరిగింది. అతని ముఖంలో అప్పుడు కనిపించినదాన్ని నవ్వు అనవచ్చు. చూసినవాళ్ళు లేరు.

శాంతాబాయి గాయం కడిగి పసుపు అద్దింది. సర్కారు దవాఖానకు పోదామంటే, కుట్లు పడేంత లేదు, తల నొస్తుంది, అంతే అన్నాడు. ఒకసారి వాంతి చేసుకున్నాడు. చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని, మిగిలిన రెండిటికి గూడ గడియలు వెట్టాలె, రేపు యాదిజెయ్యి అన్నాడు. ఎనిమిదింటికి ఆమె జొన్నరొట్టె కాల్చి లేపడానికి పోయేసరికి చెయ్యి చల్లగా ఉంది. కూర్చున్న చోటే కూర్చుండిపోయింది. కింద మెట్టు ఠప్పుమన్న ప్రతిసారీ తలుపు వైపు చూసింది.

పొద్దున జనం వచ్చారు. చాల్ వాళ్ళు, పక్క గల్లీల కామాటీలు, టేప్ రికార్డరు ఇచ్చి పోయినవాళ్ళు, గోళ్ళరంగు ఇచ్చిన అమ్మాయి. పెద్దయ్య కూడా కొత్త బట్ట పట్టుకుని ఎక్కివచ్చాడు. అడుగుమెట్టు పలక ఎంత వదులో అందరికీ తెలిసిందే, జారి పడి తల పగిలి ఉంటుందని డాక్టరుకు అతనే చెప్పాడు. డాక్టరు అదే రాశాడు. బట్టను శాంతాబాయి ముందు పెట్టి, ఏం కావాలన్నా తనను అడగమన్నాడు.

ఆమె బట్ట వైపు చూడలేదు. "ఒక్కటే కొట్టిచ్చినవంట గదా సేట్" అంది.

గది నిండా జనం ఉన్నారు. అందరూ విన్నారు. మల్లయ్య గడప దగ్గర నిలబడి, ఈసారి నేల చూడలేదు. పెద్దయ్య గడియారం చూసుకుని, పని ఉందని మెల్లిగా దిగిపోయాడు. వెంట ఎవరూ దిగలేదు.

మెట్లు ఇరుకు, పాడె పైకి రాదు. కింద గల్లీలోనే కట్టారు. దుర్గయ్యను దుప్పటిలో వేసి, నాలుగు కొసలు నలుగురు పట్టుకున్నారు. ఒక కొస మల్లయ్యది. మూడు వేళ్ళ ఎడమచెయ్యికి దాన్ని రెండు చుట్లు చుట్టుకున్నాడు. గోడకు రాసుకుంటూ, ఒకరి వెనక ఒకరు దిగారు. అడుగుమెట్టు ఠప్పు, ఠప్పు, ఠప్పు, ఠప్పుమంది. వాళ్ళు దిగక ముందు డబ్బా మీద మూడు వందల పన్నెండు ఉంది.

దుర్గయ్యతో కలిపి ఐదుగురు బయటికి పోయారు. మెట్ల కింద బల్ల మీద, మూలల్లో ఇంకా కాస్త గోళ్ళరంగు అంటుకుని ఉన్న పలక మీద, ఎర్ర అంకెలు 0316 దగ్గర ఆగి వెలుగుతున్నాయి.